తడి ఆరని ఎరుపు

2024 జూన్ పదహారు, బక్రీద్. పేగుల్లో బియ్యం, కొత్తిమీర కూరి వండిన ఉస్బాన్ తిని, చీకటి పడ్డాక తాహర్ పక్కింటి నజీహా వేసిన కొత్త బొమ్మ చూడ్డానికి వెళ్ళాడు. తివాచీలకు పేరుపడ్డ కైరవాన్‌లో ఆడవాళ్ళు పండగనాడు గొర్రె నెత్తురులో అరచెయ్యి ముంచి గుమ్మానికి అద్దుతారు. నజీహా ఈసారి ఆ అచ్చుల్ని గుమ్మానికి బదులు, గది తలుపు పక్కన వేలాడదీసిన పెద్ద గుడ్డ మీద తివాచీ అల్లికలా వరసలుగా అద్దింది. నడుమ మండే పసుపు, ముదురు నీలం.

"ఈ రంగుల్ని పక్కపక్కన కూర్చోబెట్టడానికి గుండె కావాలమ్మాయ్! కొట్టుకుంటాయనుకుంటే కాపురం చేస్తున్నాయి," అన్నాడు తాహర్.

"కాపురం సరే, కంపు సంగతేంటి బాబాయ్?" నవ్వింది నజీహా.

నిజమే. ఈగలు ముసురుతున్నాయి. పొద్దుటి నెత్తురు నల్లబడి పెచ్చులు లేస్తోంది. అడుగు వరసలో ఒక్క చెయ్యి మాత్రం ఇంకా ఎర్రగా, తడిగా కారుతోంది. దాని చిటికెన వేలు సగమే ఉంది.

తివాచీ దారాలు కోసే కత్తికి ఆ వేలు సగం పోగొట్టుకున్నది తాహర్ భార్య సాల్హా. ఆమె పోయి రెండేళ్ళు.

నజీహా నవ్వు ఆగిపోయింది. "అది నేను వెయ్యలేదు బాబాయ్. ఉండు, తుడిచేస్తాను."

"వద్దు తల్లీ."

తాహర్ తన అరచెయ్యి దానికి ఆనించాడు. వెచ్చటి జిగట, వేళ్ళ సందుల్లోకి కొవ్వు ముద్దలు. చెయ్యి లాక్కోబోయాడు. అవతల నుంచి మెత్తగా, సాల్హా నిద్రలో నొక్కినట్టే, ఎవరో నొక్కారు.

చెయ్యి అక్కడే ఉంచాడు.

"నువ్వెళ్ళి పడుకో," అన్నాడు.

నజీహా గది బయటికి నడిచింది. తాహర్ రెండో చేత్తో, చప్పుడు కాకుండా, లోపల నుంచి తలుపు మూశాడు.