వేదిక మీద చెంపదెబ్బ

చెంప ఛెళ్లుమంది.

హాలంతా ఒక్కసారి ఉలిక్కిపడింది.

దెబ్బ తిన్నవాడు సామాన్యుడా! కొత్త ఫోనొచ్చినా, కొత్త వాచీ వచ్చినా జనం మొదట ఆయన నోటివంకే చూస్తారు. పెట్టె విప్పకముందే వస్తువును పొగడగల దిట్ట. అందుకే అందరూ ఆయన్ని మాటల మాస్టారు అంటారు.

ఆ రోజు కొత్త ఇయర్‌ఫోన్లు. అదే కంపెనీ పాతవాటిని ఇంటింటికీ చేర్చింది కూడా ఆయన నోరే.

"ఇవి చెవిలో ఉన్న సంగతే మరిచిపోతారు. ఇంట్లో ఆవిడ అరిచినా వినపడదు, హాయి!" అని జనాన్ని నవ్విస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే ముందు వరసలోంచి ఒక నడివయసు మనిషి ఉరికి వచ్చి, వేదికెక్కి, కుడిచెవి మీద ఈడ్చి కొట్టాడు.

చెవిలోది ఎగిరి తెర కిందికి దొర్లింది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

"ఎర్రబడింది! రెండోది కూడా తీసెయ్!" అంటూ ఆ మనిషి మళ్లీ చెయ్యెత్తాడు.

"ఎవడ్రా నువ్వు?"

"ముందు తియ్యి! తర్వాత చెబుతా!"

కాపలావాళ్లు మీద పడ్డారు. ఒకడు జుట్టు పట్టి వంచాడు. ఇంకొకడు మోకాలితో మొహం మీద పొడిచాడు. ముక్కు పగిలి నెత్తురు చొక్కా నిండా కారింది. అయినా ఆ మొండిఘటం మాస్టారి చెవి వైపే చెయ్యి చాస్తున్నాడు.

"తియ్యవయ్యా బాబూ! నీ చెవి నీకు కనపడదు. నాకు కనపడుతోంది!"

"పిచ్చోడు సార్" అన్నాడు కాపలావాడు.

"పిచ్చీ లేదు, పాడూ లేదు. ఎవరో పంపించారు వీణ్ణి!" అని అరిచాడు మాస్టారు.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంతమంది ముందు, ఇన్ని కెమెరాల ముందు చెంపదెబ్బ! రేపట్నుంచి తన మాట ఎవడు వింటాడు?

"వదలండి వాణ్ణి!"

వదిలారు. మాస్టారు బలమంతా కూడదీసుకుని గుండెల మీద తన్నాడు.

ఆ మనిషి మెట్ల మీదుగా వెల్లకిలా పడ్డాడు. మెట్టు ఇనుప అంచుకి తల కొట్టుకున్న చప్పుడు చివరి వరసదాకా వినిపించింది.

జనం చప్పట్లు కొట్టారండీ. మనుషులేనా అసలు!

చప్పట్లు ఆగకముందే తెర కింద ఢామ్మని పేలింది. తెర భగ్గున అంటుకుంది.

మాస్టారు ఎడమచెవి తడుముకున్నాడు. వేలు చురుక్కుమంది. పీకి విసిరేశాడు. అది నేలకి తగలకుండానే పేలి కాపలావాడి బుగ్గ చీల్చింది.

అప్పుడర్థమైంది మాస్టారికి. మెట్ల కింద పడున్న మనిషి దగ్గరికి పరిగెత్తాడు. "లెండి, లెండి సార్" అని కుదిపాడు. ఏం లాభం?

మంటలు ఆరి, అంబులెన్సు వచ్చేసరికే నాడి ఆగిపోయింది. చొక్కా పైకెత్తితే నడుముకు గుడ్డతో కట్టుకున్న కత్తి బయటపడింది.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"చూశారా! నన్ను చంపడానికే వచ్చాడు! నా తప్పేం లేదు!"

జనాన్ని తోసుకుని వచ్చి, చనిపోయినవాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అతని భార్య మొహం ఎత్తింది.

"అవును, చంపడానికే వచ్చాడు. ఆపుదామని వెంటపడి వచ్చాను. నా మాట వినలేదు."

"మరి నన్నెందుకు కాపాడాడు?" అని అడిగాడు మాస్టారు.

"మా పిల్ల పోయిన రోజు, నువ్వు మెచ్చుకున్నావని ఆయన కొనిచ్చినవి దాని చెవుల్లో ఇలాగే ఎర్రబడుతుంటే, ఎంత ముద్దుగా వెలుగుతున్నాయో అని పక్కనే కూర్చుని మురిసిపోయాడు, ఆ కన్నతండ్రి."