నల్ల బండ

బాతమ్మకు తన పటం మీద మహా నమ్మకం. గూటి ముందు బురదలో ముక్కుతో తానే గీసింది మరి! మనుషులు పారేసుకున్న దిక్సూచిని పిల్లల్లో చిన్నదాని మెడకు కట్టి, అందర్నీ వెంటేసుకుని కొలనులో పాఠం మొదలుపెట్టింది.

"ఉత్తరాన నల్ల బండ. దాని పక్కనే మన గూడు. పదండి!"

"అమ్మా, బండ అటుంది, ముల్లేమో ఉత్తరం ఇటు అంటోందే!" అంది చిన్నది.

"ముల్లు చెడిపోయుంటుంది. బండెక్కడైనా కదులుతుందటే, పిచ్చిదానా?"

దగ్గరికెళ్లేసరికి బండ కళ్లు తెరిచింది. ఆపైన నోరు తెరిచింది. మొసలి!

బాతమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఇటు!" అని చిన్నదే ముల్లు చూసి అరిచింది. అందరూ దాని వెనకే పడి గూడు చేరారు.

చేరగానే బాతమ్మ పటంలోని బండను కాలితో చెరిపేసింది.

"చెప్పవే తల్లీ," అంది మెల్లగా, "ఉత్తరం ఎటు?"