సీతయ్య కాళ్ళు

“ప్యాంటు మోకాళ్ళ దాకా మడవండి,” అన్నాడు డాక్టరు.

సీతయ్య బిత్తరపోయి పెళ్ళాం వంక చూశాడు. దమ్మపేట బస్టాండు హోటల్లో తెల్లారకముందే పెనం ముందు నిలబడితే, పొద్దుగూకేదాకా దోసెలు పోసే మాస్టరు అతను. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగినప్పటి నుంచీ లుంగీ కట్టడమే మానేశాడు. రోగం కన్నా సిగ్గే ఎక్కువ బాధపెట్టే మనుషుల్లో అతనొకడు. అలాంటివాణ్ణి, నాట్లు మొదలైతే తనకు కూలికి పోవడంతోనే సరిపోతుందంటూ, రోజూ పోరి పోరి ఖమ్మం లాక్కొచ్చింది వనజ.

డాక్టరు కాళ్ళు తడిమి చూసి నిదానంగా చెప్పాడు. నెత్తురును పైకి పంపే సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయట. అవి బలహీనపడితే నెత్తురు కిందికి జారి నిలిచిపోతుందట. గంటల తరబడి నిలబడేవాళ్ళకు మామూలేనని, సిగ్గుపడాల్సిన పని లేదని అన్నాడు. ఎక్కువసేపు నిలబడకుండా చూసుకోవాలి, బిగుతు మేజోళ్ళు వేసుకోవాలి, పడుకున్నప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టుకోవాలి. స్కానింగ్ చూశాక అవసరమైతే లేజర్ చేస్తారు.

బతికానురా అనుకుంటూ సీతయ్య లేచాడు. వనజ మాత్రం లేవలేదు.

ఇంట్లో పది అడిగితే ఒకటి చెప్పే మనిషి, అక్కడ ప్రశ్న మీద ప్రశ్న వేసింది. చీలమండ పైన నల్లబడి దురద పెడితే ఏం చేయాలి? అక్కడే పుండు పడితే? అది ఎన్నాళ్ళకూ మానకపోతే? పుండుదాకా వస్తే అసలు ఆలస్యం చేయకూడదని, వెంటనే చూపించుకుని కట్టు కట్టించుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు.

“బురదలో దిగొచ్చా సారూ?”

“పుండుతోనా? వద్దమ్మా.”

సీతయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఎత్తు అతనికి అప్పుడు తెలిసింది. నిలబడొద్దన్నారు కదా, ఇక హోటలు మాన్పించి తనతోపాటు నాట్లకు తీసుకుపోతుంది. మాస్టరూ అని పిలిచినవాళ్ళ ముందే నవ్వులపాలవుతూ, ఆడకూలీల వరసలో వంగి నారు పెట్టాలి. ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకేముంటుంది?

ఇంటికి పోయే బస్సు సత్తుపల్లి దాటింది. సీతయ్య ఇక ఉండబట్టలేకపోయాడు.

“పరాయోళ్ళ ముందు నా ఇజ్జత్ తీసినవ్. పుండంటవ్, బురదంటవ్. నన్ను నాట్లకు తోలుదామనేనా? అసలు నా కాలికి పుండు యాడుందే?”

వనజ కిటికీ బయటి పామాయిల్ తోటల మీంచి చూపు తిప్పుకుంది. తర్వాత తప్పు చేసినదానిలా తల దించుకుని, చీర కుచ్చిళ్ళు పాదాల మీదికి లాక్కుని, అతనికి మాత్రమే వినపడేట్టు అన్నది.

“పుండు నాకు.”