పోయిన ఫోటోలు

"మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా, మీ ఆవిడ ఫోటోలు ఎక్కించలేదండి. చెరువు పనులు చేసుకునేవాళ్ళకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?" అన్నాడు సురేష్‌బాబు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

పాలకొల్లులో అతను రొయ్య రైతుల కోసం వెబ్‌సైట్ నడుపుతున్నాడు. చచ్చిన రొయ్యల ఫోటోలు అందులో ఉంటేనే పరిహారం వస్తుంది. ఎదురుగా కూర్చున్న రైతు పెద్దిరాజు అప్పటికే చెరువు ఎండగట్టేశాడు. మళ్ళీ తీయడానికి అక్కడేమీ లేదు.

భార్య రామలక్ష్మి తన ఫోన్ బల్ల మీద పెట్టింది. 'మీ ఫోటోలు అందాయి' అని సైట్ నుంచి వచ్చిన మెసేజి. ఇంట్లో చూపిస్తే పెద్దిరాజు చూడనే లేదు.

సురేష్‌బాబు విసుగ్గా చదివాడు. "అయితే సైట్‌కి కొత్త వెర్షన్ పెట్టినప్పుడు పోయుంటాయి. పాత ఫోల్డర్ తీసేసి కొత్తది పెడతాం కదా."

"మీ ప్రోగ్రామూ మా ఫోటోలూ ఒకే ఫోల్డర్లో పెట్టారా?" అని అడిగింది రామలక్ష్మి.

"వేరుగా పెట్టాల్సిందే. కుదర్లేదు."

పెద్దిరాజు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "నీ మాట నమ్మి ఇన్నాళ్ళూ మా ఆవిణ్ణి తెలివితక్కువదని నలుగురిలో తిట్టానయ్యా. అంతా నీ వల్లే."

రామలక్ష్మి ఫోన్ తీసుకుని భర్త వైపు తిరిగింది.

"ఫోటోలు పోయింది ఆయన వల్లేనండి. నన్ను తిట్టింది మాత్రం మీరు."