గవర్రాజు డాక్టరుకు సోడా

ఇప్పుడు మా బూత్‌లో పాల ప్యాకెట్ కావాలంటే ముందు వేలి నెత్తురు చుక్క మిషన్‌కివ్వాలి. ఆ చుక్కలో గుండెపోటు జాడ కనిపిస్తే అది ఎర్రగా వెలిగి, తనే అంబులెన్సును పిలుస్తుంది.

ఈ ఉదయం గవర్రాజు డాక్టరు చుక్క ఇచ్చాడు. ముప్పై ఏళ్ల కిందట గుండె పట్టుకుని వెళ్లిన మా ఆయనకు గ్యాసని సోడా తాగించి, నవ్వి పంపింది ఈయనే. మా ఆయన ఇల్లు చేరలేదు.

మిషన్ ఎర్రగా వెలిగింది. దాన్ని గోడవైపు తిప్పేశాను.

"ఛాతీ పట్టేసింది సూరమ్మా, ఏం చూపిస్తోంది?" చెమటలు కక్కుతూ అడిగాడు.

"గ్యాసేనండీ. ఇదిగో, సోడా తాగండి."

సీసా నోటిదాకా తెచ్చి ఆగాడు. "మీ ఆయన..." అన్నాడు.

"గుర్తున్నాడన్నమాట!"

అంబులెన్సు నాలుగు నిమిషాల్లో వస్తుంది. ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.