సమాన హోదా

"ఇదంతా రొటీన్ పనే గదా, మేడం?" అన్నాడు దయాకర్, రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే.

జడ్జి గారు భోజనానికి లేచి వెళ్లి పది నిమిషాలైనా కాలేదు. పొద్దున పిలిచిన కేసుల కట్టలు కౌసల్య బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. ఒక్కోదానికీ వాయిదా తేదీ వేసి, తాడు బిగించి పక్కన పెడుతోంది.

నల్లగొండ కోర్టు ఉద్యోగులు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఒకటే. సెక్రటేరియట్‌లో అదే హోదా వాళ్లకు ఎంత జీతమో తమకూ అంత ఇవ్వాలని. మీ పనీ మా పనీ ఒకటి కాదని అవతలివాళ్ల వాదన. వినతిపత్రాలు, కేసులు, కమిటీలు అన్నీ అయ్యాక, ముందు పని పోల్చి చూడండన్న దగ్గర ఆగింది వ్యవహారం. అలా చూసి నోట్ రాయడానికి సెక్రటేరియట్ నుంచి వచ్చిన సెక్షన్ ఆఫీసరే దయాకర్.

ఎవరి పక్కన కూర్చోబెట్టాలో సూపరింటెండెంట్ భిక్షపతి తేల్చాడు. "మహబూబ్‌నగర్ నుంచి కొత్తగ బదిలీ మీద వచ్చింది, మా బెంచి క్లర్కు కౌసల్య మేడం. పని జూడాలంటే ఈమె దగ్గర్నే జూడాలె సార్."

"నన్నొద్దు సార్, వేరేటోళ్ల దగ్గర కూసోబెట్టుండ్రి" అని ఆమె పొద్దున్నే బతిమాలింది. బిడియమనుకుని భిక్షపతి వినిపించుకోలేదు.

ఆఖరి కట్ట బిగించాక కౌసల్య అడిగింది. "రొటీన్ అని రాస్తున్నరా సార్?"

"రోజూ చేసేదే గదా మరి."

"నిన్న ఒకాయనకు బెయిలొచ్చింది. గా కాయితం నేను సాయంత్రం పంపకుంటే రాత్రంత జైల్లనే పండేటోడు. గదీ రోజూ చేసేదే."

"సెక్రటేరియట్ల మేం ఆలోచించి రాయాలె మేడం. ఈడ జడ్జి గారు చెప్పింది రాస్తరు."

"ఆడ మీరు పైవాళ్లు చెప్పింది రాయరా?"

భిక్షపతి దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వాడు. దయాకర్ నవ్వలేదు. కౌసల్యా నవ్వలేదు. ఆమెకు ఈ వాదన కొత్త కాదు. ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే ఉండే మాటలు మళ్లీ చెప్పడానికి ఓపిక చాలడం లేదు.

సాయంత్రం కోర్టు లేచింది. దయాకర్ వాచీ చూసుకున్నాడు. "ఇగ మీ పని అయిపోయినట్టేనా?"

"జడ్జి సారు దిగినంకనే మా అసలు పని."

రేపటి కేసుల జాబితా, పంపాల్సిన వారెంట్లు, సాక్షులు చెప్పిన మాటలు. ఒకదాని వెనుక ఒకటి ముందేసుకుంది. అంతలో గుమ్మం దగ్గర ఒక ముసలామె ఒగరుస్తూ నిలబడింది. దేవరకొండ అవతల నుంచి వచ్చిన వెంకటనర్సమ్మ. భూమి కేసు. దారిలో బస్సు చెడిపోయిందట.

"పిలిచినప్పుడు లేనని కొట్టేసిండ్రా బిడ్డా నా కేసు?"

"రేపు రమ్మనుండ్రి" అన్నాడు దయాకర్ మెల్లగా. "టైమైపోయింది గదా."

"రేపు మళ్ల రావాల్నంటే ఈమెకు బస్సు కిరాయి ఎవలిస్తరు సార్?" కౌసల్య లేచి, కట్టేసిన గుట్టలోంచి ఆమె కట్ట వెతికి తీసింది. "కొట్టెయ్యలే అవ్వా. వాయిదా పడ్డది. గింతే."

ముసలామెకు నమ్మకం కుదరలేదు. మళ్లీ అడిగింది. కౌసల్య మళ్లీ చెప్పింది. తేదీ ఒక చీటీ మీద రాసిచ్చి, కుర్చీ జరిపి, తన సీసాలోని నీళ్లు తాగించి, అమావాస్య దాటిన మూడోనాడని గుర్తు చెబితే గానీ ఆమె ముఖం తేటపడలేదు. చీటీని కొంగున ముడేసుకుని, కౌసల్య చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుని వెళ్లింది.

దయాకర్ పెన్ను ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

బయట చీకటి పడుతుండగా ఆయన బండి దగ్గర నిలబడి భిక్షపతితో అన్నాడు. "చూసింది చూసినట్టు రాస్త. మీ పని మా పని కన్న తక్కువని మాత్రం రాయలేను."

భిక్షపతి పొంగిపోయాడు. "మస్తు సంతోషం సార్! మేడం రోజూ చౌటుప్పల్ నుంచి వచ్చి పోతది. మీరు పోయే తొవ్వే. జర దించుండ్రి."

దయాకర్ కారు వెనక తలుపు తెరిచాడు.

"వద్దు సార్" అంది కౌసల్య. "నోట్ మీద సంతకం కాలే. ఇప్పుడు నేను మీ బండి ఎక్కితే మావోళ్ల న్యాయానికి ఇలువుండదు."

ఆయన ఒక్క క్షణం ఆమెను చూసి, తలుపు వేసి వెళ్లిపోయాడు.

"మనిషి మంచోడే గని, మొఖం మీద నవ్వనేదే లేదు" అన్నాడు భిక్షపతి. "గిసొంటోనితోని ఇంట్లోళ్లు ఎట్ల ఏగుతున్నరో!"

"అలవాటైతది సార్" అంది కౌసల్య, సంచి భుజాన వేసుకుంటూ.

బస్సులో నార్కట్‌పల్లి దాకా నిలబడే వచ్చింది. సీటు దొరికాక మోకాళ్లు ఒత్తుకుంటూ కళ్లు మూసుకుంది. ఇంటికెళ్లి బియ్యం కడగాలి, కూర తరగాలి, రేపటికి బట్టలు ఉతకాలి. ఫోన్ మోగింది. కూతురు నిహారిక.

"అమ్మా, ఏడిదాక వచ్చినవ్? నిదానంగ రా. నాయిన వంట చేస్తుండు."

"నాయినా? వంటింట్లనా?"

"ఔ! ఎన్నడన్న జూసినమా? వచ్చినప్పటి సంది ఏం మాట్లాడుతలేడు. ఉల్లిగడ్డలు కోస్తుండు."

కౌసల్య చౌటుప్పల్‌లో దిగి, వీధి మలుపు తిరిగి, ఇంటి ముందు చెప్పులు విడిచింది. తలుపు తట్టింది.

తలుపు తీసింది దయాకర్.