ఆమెన్ అనేలోపు

దొంగతనానికి ప్రార్థనవేళను మించిన ముహూర్తం లేదని తర్మన్ డెబ్భై దాటాక కనిపెట్టాడు.

పక్కింటి హెటీకి పైకప్పు పాడైపోతే, లేనివాళ్ళ ఇళ్ళు ఉచితంగా బాగుచేసే సంస్థవాళ్ళు శనివారం శనివారం వచ్చి పని చేస్తున్నారు. మధ్యాహ్నం చర్చి ఆడవాళ్ళు బీన్స్ కూర, మొక్కజొన్న రొట్టె తెస్తారు. తినేముందు అందరూ పెరట్లో గుండ్రంగా నిలబడి, చేతులు పట్టుకుని కళ్ళు మూసుకుంటారు. ఆ కాసేపూ కంచె పక్కన పేర్చిన చెక్కకి కాపలా దేవుడొక్కడే.

మొదటి శనివారం తర్మన్ రెండు కొయ్యలు ఇవతలికి లాగి గరాజ్‌లో పడేశాడు. "ఆమెన్" వినబడేసరికి వరండాలో కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు.

ఇదంతా సరదాకి కాదు. భార్య ఒడెస్సా తుంటి విరిగి, చక్రాల కుర్చీలో, ఊరి చివర వైద్యకేంద్రంలో ఉంది. ఇంటిముందేమో మెట్లు. కుర్చీని పైకి తోసుకెళ్ళేందుకు ఏటవాలుగా ర్యాంపు కట్టేదాకా ఆమెను ఇంటికి పంపేది లేదని కేంద్రంవాళ్ళు తెగేసి చెప్పారు. ఆమె లేని ఇంట్లో తర్మన్‌కి కాఫీ కూడా సహించడం లేదు.

ర్యాంపు మేమే కట్టిపెడతామని ఈ సంస్థవాళ్ళు ముందే వచ్చారు. అక్కడ పనులు నడిపే అధికారికి సహాయకురాలు మారిబెల్. ఆవిడే స్వయంగా గుమ్మం దాకా వచ్చి అడిగింది.

"గాజు ఫ్యాక్టరీలో ఒళ్ళు కాల్చుకుని బతికినవాణ్ణి. ఒకళ్ళ ధర్మం నాకక్కర్లేదు" అని తర్మన్ తలుపేసేశాడు.

వేశాక గానీ అంత చెక్క తను కొనలేడని తెలిసిరాలేదు. మళ్ళీ వెళ్ళి అడగాలంటే ప్రాణం పోయినట్టుంది. దానికంటే దొంగతనమే నయమనిపించింది. అందులో కనీసం సొంత కష్టం ఉంటుంది.

మారిబెల్‌ని చూస్తే అతనికి జాలేసేది. కప్పు పనికి అన్ని పలకలు ఎందుకో ఆమెకే తెలియాలి. తెప్పించినవి వీధివైపు పెట్టించకుండా సరిగ్గా అతని కంచెకే ఆనించి పెట్టిస్తుంది. పోతే మారుమాట్లాడకుండా ఇంకో లోడు దింపిస్తుంది. వాలు సరిచూసే రసమట్టం కంచె మీద పెట్టి మరిచిపోతుంది. ఫోన్‌లో మాట్లాడితే వీధి చివరిదాకా వినబడాల్సిందే. ఒకరోజు అక్కడే నిలబడి, ఇంకెక్కడి పని గురించో గొంతు చించుకుంది.

"అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. అంతకంటే నిటారుగా కడితే కుర్చీ వెనక్కి దొర్లిపోతుంది. వినబడుతోందా? అడుగు పొడవు."

తర్మన్ అందులో సగం పొడవు చాలనుకుని కొయ్యలు పాతబోతున్నాడు. కిక్కురుమనకుండా వెళ్ళి కొలతలు దిద్దుకున్నాడు. ఇలాంటివాళ్ళకి జీతాలెలా ఇస్తారో అనుకున్నాడు.

మరుసటి శనివారం ఊరుకోలేక కంచె మీదుగా కవ్వించాడు కూడా. "ఏమ్మా, మీ చెక్కకి కాళ్ళొచ్చాయటగా?"

"రకూన్లండీ, మిస్టర్ తర్మన్" అంది మారిబెల్ మేకుల డబ్బా వెతుక్కుంటూ.

"పిల్లికి కాస్త పెద్దది, అంతేసి పలక ఎత్తుకుపోయే రకూన్ ఉంటుందా?"

"జంటగా పని చేస్తాయేమోనండి."

పిచ్చి మాలోకం అనుకుని తర్మన్ ఆ పూట రెండు పలకలకి నాలుగు లాగాడు.

లాగాడు గానీ ఒళ్ళు మొరాయించింది. మోకాళ్ళు పట్టేశాయి. ఆదివారం ఒడెస్సాని చూడ్డానికి వెళితే, ఆమె ఏమీ అడక్కుండానే దిండు కింద నుంచి బామ్ తీసి అతని భుజాలకి రాసింది. చెప్పకుండానే బాధ కనిపెట్టే మనిషిని ఇన్నాళ్ళు దూరం పెట్టుకున్నానే అని అతనికి కళ్ళు చెమర్చాయి.

అదృష్టం, భోజనానికి ముందు మారిబెల్ చెప్పే ప్రార్థనలు కూడా వారంవారం సాగుతున్నాయి. మొదట్లో తిండికి మాత్రమే కృతజ్ఞత చెప్పేది. తర్వాత వంటవాళ్ళూ, వాళ్ళ తల్లులూ, నిచ్చెన పట్టుకున్నవాళ్ళూ చేరారు. ఒకసారి తర్మన్ చేతిలోంచి పలక జారి దబ్బున పడింది. అయిపోయానురా అనుకున్నాడు. ఒక్కరూ కళ్ళు తెరవలేదు. మారిబెల్ గొంతు ఇంకాస్త పెంచి, సరస్సు మీద పడవల్లో ఉన్న వాళ్ళందర్నీ చల్లగా చూడమని దేవుణ్ణి వేడుకోవడం మొదలెట్టింది. పలక గరాజ్ చేరేదాకా వాళ్ళని వదల్లేదు.

ర్యాంపు పూర్తయింది. కేంద్రం నుంచి నర్సు వచ్చి, ఎక్కి, దిగి, బాగుందంది.

ఒడెస్సాని తీసుకొచ్చిన వ్యాను ఇంటిముందు ఆగేసరికి హెటీ ఇంటి కప్పు పని కూడా ముగింపులో ఉంది. తర్మన్ కుర్చీని మెల్లగా పైకి తోశాడు. చక్రాలు ఎక్కడా తడబడలేదు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, మారిబెల్ కంచె దాటి ఇటే వస్తోంది. దొరికిపోయాననుకున్నాడు. జైలుకి వెళ్ళడానికైనా సిద్ధమే గానీ, ఒడెస్సా ముందు దొంగగా నిలబడటం అతని వల్ల కాదు.

"ఈ చెక్క..." అన్నాడు, "మా గరాజ్‌లో ఎప్పటినుంచో పడుంది."

మారిబెల్ రెయిలింగ్ మీద చెయ్యి వేసి ఊపి చూసింది. గట్టిగానే ఉంది. "మంచి చెక్కండి" అంది. మాట బొంగురుగా, వినబడీ వినబడనట్టు వచ్చింది.

ఒడెస్సా కుర్చీలోంచి వంగి ఆమె చెయ్యి అందుకుంది.

"అయ్యో, గొంతు పూర్తిగా పోయిందా తల్లీ? పలకలు గరాజ్ చేరేదాకా ప్రార్థన ఆపొద్దని చెప్పింది నేనే గానీ, ఈయన ఇంత నిదానంగా మోస్తాడని నాకేం తెలుసు."